పాడి పంపిన పిల్ల

ప్రిన్సిపాల్ గారు ఒంటిగంటకు వస్తారని గుమాస్తా కరుణాకర్ చెప్పినప్పుడు ఆఫీసు గడియారంలో పన్నెండయింది. ఇంకో గంట, గంటలో తేలిపోతుంది అనుకుంటూ ప్రమీల వరండా బెంచీ మీద కూర్చున్నది, కూర్చున్నాక పదేళ్ల బడి అలవాటు ఊరుకోనివ్వక తలలు లెక్కపెట్టింది. ఇంటర్‌లో చేరడానికి వరుస కట్టిన మగపిల్లలు నూటపదకొండు మంది. ఆడపిల్లలు నలుగురు. నలుగురిలో ముగ్గురు ఈ మానుకోట బజారు పిల్లలే, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి నడిచిపోగలిగినవాళ్లు. నాలుగో పిల్ల రాజీ, ఇరవై ఎనిమిది కిలోమీటర్ల అవతల వాల్యా తండా నుంచి వచ్చింది, బెంచీ చివర తల్లి గంగాబాయి పక్కన కూర్చుని, ఒళ్లో ఉన్న మార్కుల మెమో మీద రెండు అరచేతులూ బోర్లించి పెట్టుకుంది, గాలికి ఎగిరిపోతుందేమో అన్నట్టు. మార్కులకు లోటు లేదు, సీటుకు అడ్డం లేదు, అడ్డమల్లా దరఖాస్తులో ఒక్క గడి. పట్టణంలో గార్డియన్ అన్న చోట ఖాళీ. “మగపిల్లలకైతే హాస్టలున్నది టీచర్, ఆడపిల్లలకు ఇంక రాలే. ఈ ఊళ్లె ఎవరింట్ల ఉంటదో రాసియ్యాలె, లేకుంటే సారు సంతకం పెట్టడు. వచ్చే యాడాది ఆడపిల్లలకు గూడ హాస్టలు వస్తదంటున్నరు, అప్పటిదాంక ఆగినా పాయె,” అన్నాడు కరుణాకర్. మంచివాడు, మంచిగానే అన్నాడు, పిల్లకు కుర్చీ కూడా చూపించబోయాడు. కానీ వచ్చే యాడాది అన్న మాట ప్రమీలకు కొత్త కాదు.

వచ్చే యాడాది. జఫర్‌గఢ్ ఇంట్లో బాపు ఆ మాట అనేటప్పుడు గొంతు పెంచేవాడు కాదు, తమలపాకు ఈనె తీస్తూ, ఆకు వైపే చూస్తూ అనేవాడు. అక్క సరోజన జనగామలో మేనమామ ఇంట్లో ఉండి చదివి అరవై ఎనిమిదిలో మెట్రిక్ ఫస్టు క్లాసులో పాసైంది. ఆ యేడే అన్న రామ్మోహన్ హన్మకొండలో కాలేజీకి పోయాడు. వాడు కుదురుకోనీ బిడ్డా, వచ్చే యాడాది నువ్వు. నలభై ఎకరాల ఇల్లు, ఇద్దరినీ చదివించలేని ఇల్లు కాదు, అయినా ఆ ఇంట్లో ఎవరికీ ఆ మాట వింతగా తోచలేదు, అక్కకు కూడా తోచలేదు. వచ్చిన యాడాది అరవై తొమ్మిది. రైళ్లు ఆగాయి, కాలేజీలకు తాళాలు పడ్డాయి, జనగామ స్టేషను గోడల నిండా జై తెలంగాణ. అక్క కూడా ఒకనాడు ఊరేగింపులో నడిచి, గొంతు బొంగురుపోయి, చెప్పు ఒకటి పోగొట్టుకుని, మొహం వెలిగిపోతూ ఇంటికి వచ్చింది. కాలేజీలే లేవు గద బిడ్డా, వచ్చే యాడాది చూద్దాం. డెబ్బైలో తాళాలు తీశారు. పోయిన ఏడాది పోయిందని అన్న మళ్లీ ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్లాడు, రిజిస్టర్లో వాడి పేరు వాడి కోసం ఆగి ఉంది. అక్క పేరు ఎక్కడా రాసి లేదు కనుక ఎక్కడా ఆగలేదు, ఆ వేసవిలోనే పెండ్లయి మొగుళ్లపల్లి పోయింది. ఆ ఏడాది ఎందరు ఆడపిల్లల దగ్గర అట్లా ఆగిపోయిందో ఎవరు చెప్పగలరు. ఈ ఎనభై ఆరు మే నెలలో, ముప్పై నాలుగేళ్లకు, మొగుళ్లపల్లిలో కామెర్లతో అక్క పోయింది. పోయి నలభై రోజులయింది. పన్నెండో రోజు కాగానే ప్రమీల ఎండాకాలపు సెలవుల్లోనే బడి తాళం తీయించుకుని, ఒక్కతే కూర్చుని పదో తరగతి పిల్లల టీసీలు రాసింది. ఒక్క అక్షరం కొట్టివేత లేకుండా రాసింది. ఏడవలేదు.

అందుకే ఈ పొద్దున తండా దగ్గర బస్సు దిగగానే ఆడవాళ్ల ఏడుపు వినిపించి కాళ్లు ఆగిపోయాయి. ఒక గొంతు ఎత్తుకుంటుంది, ఇంకొకటి అందుకుంటుంది, చివర పదం పొడుగ్గా సాగి గాలిలో వణుకుతుంది. ఎవరు పోయారో అనుకుంటూ, తిరిగి బస్సెక్కుదామా అనుకుంటూ, కందిచేను పక్కన ఎంతసేపు నిలబడ్డదో ఆమెకే తెలియదు. మొగుళ్లపల్లి వాకిట్లో ఆడవాళ్లు కూడా అట్లాగే, అచ్చం అట్లాగే. తర్వాత నడిచి దగ్గరికి పోతే గుడిసెల నడుమ రాజీ నిలబడి ఉంది, కొత్త పరికిణీ కట్టుకుని, ఒక్కొక్క ఆడమనిషి మెడ చుట్టూ చేతులు వేసి, ఆ మనిషి భుజం మీద తల పెట్టి పాడుతోంది. అవతలి మనిషి ఏడుస్తూ బదులు పాడుతోంది, అది అయ్యాక ఇంకో మెడ, ఇంకో భుజం. ప్రమీలకు అప్పుడు గుర్తొచ్చింది, ఇది ఢావ్లో. రెండేళ్ల కింద ఇదే తండాలో పెండ్లికి పిలిస్తే వచ్చి విన్నది. పెండ్లికూతురు పుట్టింటిని విడిచిపోయేటప్పుడు తల్లినీ మేనత్తలనూ తోడి పిల్లలనూ పేరుపేరునా పట్టుకుని ఏడ్చే పాట. అయ్యో, పొరపాటు పడ్డారు అనుకున్నది. ఆడపిల్ల తండా దాటిపోవడమంటే ఒక్కటే తెలుసు వీళ్లకు, ఇంకో రకం పోవడం ఉంటుందని తెలియదు, దసరాకు సెలవులిస్తారని, సంక్రాంతికి వస్తుందని తాను ఎంత చెప్పినా తలకెక్కలేదు అనుకున్నది. జాలిపడ్డది. బస్సులో ముప్పావుగంట ఆ జాలితోనే కూర్చున్నది.

ఎండ వరండా అంచు దాటి లోపలికి వచ్చింది. గంగాబాయి చేతుల నిండా మోచేతి పైదాకా తెల్లని గాజులు, రవికె మీద అద్దాలు, ఆమె కదిలినప్పుడల్లా వరండా కప్పు మీద చిన్న చిన్న వెలుతురు చుక్కలు పరుగెత్తుతున్నాయి. వరుసలో ఒక పొడుగు పిల్లవాడు పక్కవాడి వీపు చరిచి, “అరె, సర్కస్ వచ్చిందిరోయ్,” అన్నాడు. గంగాబాయి తల తిప్పి వాణ్ని పైనుంచి కిందికి నింపాదిగా చూసి, “టికెట్టు ల్యాదు బిడ్డా, ఉత్తగనే సూడు. కోతిపిల్ల కోసమే ఎతుకుతున్నం, నువ్వొస్తవా?” అన్నది. వరుసంతా గొల్లుమన్నది, ఆ పిల్లవాడు కూడా నవ్వి చెవులు ఎర్రబడి వెనక్కి తిరిగాడు. రాజీ నవ్వలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి. ప్రమీలకు ఆ కదలిక తెలుసు, ఎదుటి గదిలో నల్లబల్ల మీద ఎవరో వదిలేసిన లెక్కను పిల్ల చేస్తోంది.

ఐదో తరగతిలో మొదటిసారి ఆ పెదవుల్ని చూసి, కాపీ కొట్టి గొణుక్కుంటోందని తిట్టింది కూడా. తర్వాత దగ్గర కూర్చోబెట్టుకుని విన్నది. ప్రశ్న తెలుగులో వినగానే లోపల లంబాడీలోకి మార్చుకుంటుంది, అమ్మ యాడి అయినట్టు, అక్కడ, ఆ భాషలో, లెక్క చేస్తుంది, వచ్చిన జవాబును మళ్లీ తెలుగులోకి మార్చి పైకి చెప్తుంది. మూడు పనులు. తరగతిలో తక్కినవాళ్లు ఒక్క పని ముగించే లోపల మూడు పనులు. అది కనిపెట్టిన రోజు ప్రమీల సుద్దముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడిపోయింది, చిన్నప్పుడు జఫర్‌గఢ్ గుట్ట ఎక్కి కింద ఊళ్లన్నీ ఒక్కసారే కనిపించినప్పుడు నిలబడ్డట్టు. ఎవరితోనూ చెప్పలేదు, అక్కతో చెప్పింది. “రోజూ ఆ పిల్లను చూడొచ్చు, నీది అదృష్టమే చెల్లె,” అన్నది అక్క.

ప్రతి జూన్‌లోనూ పాత రిజిస్టర్ ముందు పెట్టుకుని కొత్తదాంట్లోకి పేర్లు ఎక్కించడం ప్రమీల పని. రాజీ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఆ పేజీలో ఇరవై రెండు మంది ఆడపిల్లలున్నారు. ఎక్కించేటప్పుడు బడి మానిన పిల్ల పేరు ఎదురుగా కారణం రాయాలి. చెల్లెను ఎత్తుకోవడానికి. మిరపకాయ ఏరడానికి. పెద్దమనిషి అయింది. పెండ్లి. ఒక్కో జూన్‌కు పేజీ పొట్టిదవుతూ వచ్చింది. తండా పిల్లలు ముందు పోయారు, వాళ్ల తర్వాత ఊళ్లోని కూలివాళ్ల పిల్లలు, వాళ్ల తర్వాత పెద్దిండ్ల పిల్లలు, అంతా ఒక వరుస ప్రకారం, ఎవరో నేర్పినట్టు. మగపిల్లల్లోనూ పోయారు, పేదవాళ్లు పోయారు. ఆడపిల్లల్లో మాత్రం ఉన్నవాళ్లు కూడా పోయారు. పదో తరగతి పేజీ మీద ఇద్దరు మిగిలారు. ఆ ఇద్దరిలో దొరగారి మనుమరాలికి చైత్రంలో లగ్గమైంది. ఇరవై రెండు పేర్లలోంచి ఒక్క పేరు లేచి, రెండు చెప్పులేసుకుని, బస్సెక్కి వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నది. పక్కన ఆ పిల్ల మోకాలు తన మోకాలుకు తగులుతోంది, వెచ్చగా ఉంది, నిజంగానే ఉంది.

గడి నింపడం ఎంతసేపు. ఎక్కడో కాదు, ఈ మానుకోటలోనే ప్రమీలకు రెండు గదుల అద్దె ఇల్లుంది, ఆమె రోజూ ఇక్కడినుంచే బడికి బస్సులో పోయివస్తుంది, గార్డియన్ కావాలని నిన్న విన్నప్పుడూ, ఇవాళ కరుణాకర్ అడిగినప్పుడూ ఈ సంగతి గుర్తుంది, అయినా నోరు మెదపలేదు. ఇంటి యజమానురాలు తండా పిల్ల అంటే ఏమంటుందో అన్నది ఒక సాకు. అసలు సంగతి విద్యాసాగర్. అక్క కొడుకు. వాడూ ఈ యేడే పది పాసయ్యాడు. అన్న ఉత్తరం రాశాడు, తల్లి లేని పిల్లగాడు, నీ దగ్గర ఉంచుకుని చదివించు, నీకూ తోడుగా ఉంటడు. జవాబు ఇంకా రాయలేదు గానీ లోపల సరే అనేసుకున్నది, రెండో గదిలో మేజా వేయించింది, నులక మంచం బిగించింది. వాడు చదివేటప్పుడు నొసలు ముడుస్తాడు, సరిగ్గా అక్క ముడిచినట్టు, ఎడమ కనుబొమ ఒక్కటే పైకి లేస్తుంది. రోజూ సాయంత్రం బడి నుంచి వచ్చి తలుపు తీస్తే దీపం కింద ఆ ముడి కనిపిస్తుంది. నలభై రోజులుగా ఆమె ఆ ఒక్క తలపు పట్టుకుని నడుస్తోంది. పదిహేనేళ్ల మగపిల్లవాణ్నీ పదిహేనేళ్ల ఆడపిల్లనూ రెండు గదుల్లో ఉంచడం కుదరదు. ఎవరినైనా ఒక్కరినే.

ఒకటికి పావుగంట ఉంది. ప్రమీల గొంతు సవరించుకుని, చెప్పవలసిన మాటను ముందే లోపల రాసుకుని, చదివినట్టుగా అన్నది. “గంగాబాయీ, సారు ఒప్పుకోకపోతే ఇప్పటికి పిల్లను ఇంటికి తీసుకపో. వచ్చే యేడు హాస్టలు వస్తదంట. అప్పుడు చేర్పిద్దాం.”

“ఏ ఇంటికి టీచరమ్మా?”

“మీ ఇంటికే.”

“మా ఇల్లు ఇగ దానిదెట్లయితది? పాడినం గద.”

“నీకెట్ల చెప్పాలె… అది పెండ్లికి పాడేది. మీరు పొరపాటు పడ్డరు. కాలేజీకి పోతే మళ్లీ రావచ్చు.”

గంగాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలాసేపు నవ్వింది. అద్దాల వెలుతురు కప్పంతా చిందింది.

“పెండ్లేదో కాలేజేదో మాకు తెల్వదనుకున్నవా? సదువుకున్నదానివి, గింత ఎర్రిదానివేంది. పోయిన యేడు లింగ్యా బిడ్డ గంగిని పాడకుండ గట్లనే నర్సు సదువుకు తోలిండ్రు. మిరప కోతకొచ్చింది. పది దినాలకు రమ్మని నాయిన పోయి తోల్కొచ్చిండు. పది దినాలు పాయె, పిల్ల తండలనే ఉండె. ఇప్పుడు సంకల బిడ్డ. దీని బాపు హీర్యా మంచోడే, గని కోతకాలం వస్తే మంచోడు గూడ బిడ్డను పిలుస్తడు, ఏం చేస్తడు, కూలోళ్లకు పైసలేడివి? అందుకే తండల ఆడోళ్లమంతా ఒక్కటైనం. పాడేసినం. పాడినంక బిడ్డ పుట్టింటికి సుట్టమే. సుట్టాన్ని మిరపకాయ ఏర రమ్మని ఎవడన్న పిలుస్తడా? ఆయన మూలకు కూసుండి ఏడ్చిండు, గని ఏమనలేకపాయె.” ఆమె నవ్వు ఆపి మోకాళ్ల మీద గాజులు సర్దుకుంది. “తిరిగి తీస్కపొమ్మంటున్నవు. తీస్కపోతే తండల ఏం జెప్పుకోను, మొగడిడిచిన పిల్ల అనా? నేను ఈడనే కూసుంట. సారు ఒప్పుకుందాంక కూసుంట.”

ప్రమీలకు పొద్దుటి జాలి గుర్తొచ్చి మొహం వేడెక్కింది. అక్షరం రాని ఆడవాళ్లు, ఏ కాగితం మీదా పేరు లేనివాళ్లు, తమ చేతిలో ఉన్న ఒకే ఒక్క పాటను తీసుకుని దానితో ఒక ద్వారం మూసేశారు, వెనక్కి వచ్చే ద్వారం, ప్రతి ఆడపిల్లనూ ఎవరో ఒకరు వచ్చి వెనక్కి లాక్కుపోయే ద్వారం. కన్నబిడ్డను పరాయిదాన్ని చేసుకుని, ఆ దుఃఖమంతా నిజంగానే ఏడ్చి. ఒక్కొక్క మెడ పట్టుకుని ఏడ్చింది నాటకం కాదు, ఆ కన్నీళ్లు తాను చూసింది. ప్రభుత్వం కట్టని హాస్టలు, తాను పదేళ్లుగా రాస్తున్న రిజిస్టర్లు, నలభై ఎకరాలున్న బాపు, ఇంతమంది చేయలేని పనిని వాళ్లు ఒక్క పొద్దుటిలో చేసి, కళ్లు తుడుచుకుని బస్సెక్కించారు. ఆమెకు ఆ గుట్ట మీది గాలి మళ్లీ ఒంటికి తగిలినట్టయింది. ఎంత ఎత్తు, ఎంత దూరం కనిపిస్తోంది ఇక్కడినుంచి.

డెబ్బై రెండు. తాను మెట్రిక్ పాసైన వేసవి. బాపు తమలపాకు ఈనె తీస్తూ, వచ్చే యాడాది చూద్దాం అన్నాడు, ఆ సాయంత్రమే అక్క ఏడాది నిండిన విద్యాసాగర్‌ను చంకనెత్తుకుని మొగుళ్లపల్లి నుంచి వచ్చింది. ఎవరు కబురు చెప్పారో. లోపలికి రాలేదు, కాళ్లు కడుక్కోలేదు, గడప అవతల కూర్చున్నది. “వచ్చే యాడాది సంగతి నాకు తెల్వదా బాపు? చెల్లె ఫారం నింపితెనే లేస్త. లేకుంటే అత్తగారింటికి గూడ పోను, ఈడనే ఉంట.” నవ్వుతూనే అన్నది, పిల్లవాడికి పాలిస్తూ అన్నది. మూడు రోజులు. మూడో రోజు పొద్దున బాపు కళ్లజోడు తెమ్మన్నాడు. తాను ఆ ఫారం మీద నడిచి కాలేజీకి పోయింది, టీచరయింది, ఈ బెంచీ దాకా వచ్చింది. అక్క లేచి, కొంగు దులుపుకుని, పిల్లవాణ్ని ఎత్తుకుని మొగుళ్లపల్లి బస్సెక్కింది. ఒక్కసారి కూడా దాని ఊసు ఎత్తలేదు మళ్లీ. అక్కకు చదువు దక్కలేదని ఇన్నాళ్లూ బాధపడ్డదే గానీ, ఆ మూడు రోజులు ఎంత పెద్దవో తాను ఎప్పుడైనా కొలిచి చూసిందా. ఇవాళ గంగాబాయి పక్కన అక్కే కూర్చుని ఉంటే ఎవరివైపు జరిగి కూర్చునేది. అడగవలసిన ప్రశ్నే కాదు. విద్యాసాగర్‌కు తలుపు తీయని ఇల్లు జిల్లాలో లేదు. హన్మకొండలో మేనమామ రామ్మోహన్‌ది మూడు గదుల ఇల్లు, వరంగల్‌లో పెదనాన్నది ఇంకోటి. వాడు ఎక్కడున్నా చదువుతాడు, ఎక్కడున్నా ఆ కనుబొమ లేస్తుంది. తాను చూడదు, అంతే. అంతే అన్న చిన్న మాట లోపల ఎక్కడో చీల్చుకుంటూ దిగింది. దిగనిచ్చింది.

లేచి నిలబడ్డది. ఒంటిగంట కొట్టింది. ప్రిన్సిపాల్ గారు చెమట తుడుచుకుంటూ వచ్చి లోపల కూర్చున్నారు, కరుణాకర్ దరఖాస్తుల కట్ట ముందు పెట్టాడు. ప్రమీల గుమ్మం దాటి, “రాజీ గార్డియన్‌ను నేను. పిల్ల మా ఇంట్లో ఉంటుంది,” అన్నది. ఇంత చిన్న వాక్యమా, నిన్నటినుంచి మోస్తున్నది.

కరుణాకర్ కలం తీసి పేరు, ఇంటి నంబరు రాసుకున్నాడు. “సంబంధం టీచర్? ఏమైతరు మీరు?”

ఆమె ఆగింది. టీచరు అనవచ్చు, కానీ టీచరు సంబంధం కాదు. అత్యవసరంగా ఒక మాట కావాలి, ఉన్న మాటల్లో ఏదీ సరిపోదు. ఎప్పుడూ మాట తూచి వాడే మనిషి ఆ గడి ముందు చేతులు ఖాళీగా నిలబడ్డది.

“అత్త,” అన్నది గుమ్మంలోంచి గంగాబాయి. “ఇంకేమైతది? పాడి పంపినం, ఆమె ఇంటికే పోతున్నది, మరి అత్త గాదా?”

ప్రిన్సిపాల్ గారు తలెత్తి చూశారు. కరుణాకర్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. “రాయమంటరా టీచర్?”

“రాయండి,” అన్నది ప్రమీల.

ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టారు. రాజీ తన సంతకం పెట్టింది, తెలుగులో, నిదానంగా, దీర్ఘం మరచిపోకుండా. బయటికి వచ్చాక గంగాబాయి బిడ్డ నెత్తి మీద చేయి పెట్టింది. ప్రమీల వైపు తిరిగి, “పోతున్న వదినె,” అన్నది, ఎన్నో ఏళ్ల వియ్యపురాలిని పిలిచినట్టు. “ఎనక్కి మల్లి సూడ. మా తండల తల్లి మల్లి సూస్తే పోవుడు తెగుతది, బిడ్డ ఎనక్కొస్తది అంటరు. దీన్ని గూడ సూడొద్దని చెప్పిన.”

ఆమె మెట్లు దిగింది. రాజీ గోడ వైపు తిరిగి నిలబడ్డది, నుదురు సున్నానికి ఆనించి, కళ్లు గట్టిగా మూసుకుని. ప్రమీల ఒక్కతే చూసింది. నూటపదకొండు మంది పిల్లల నడుమ దారి విడిపోయింది, సర్కస్ అన్న పిల్లవాడు సైకిలు పక్కకు లాక్కున్నాడు, ఎండంతా ఆ అద్దాల మీద పడి వంద ముక్కలై చెట్ల మీదా గోడల మీదా ఎగిరింది. ఆ వెలుతురు నడుమ ఒక మనిషి వీపు, నిటారుగా, నెమ్మదిగా, గేటు దాకా. గేటు దగ్గర ఒక్క క్షణం ఆగింది. గంగాబాయి గాజులు రెండు చేతులా పైకి తోసుకుంది, రోడ్డు దాటింది, బస్సు దుమ్ములో కలిసిపోయింది. ప్రమీలకు చెంపలు తడిశాయి, ఎప్పుడు తడిశాయో తెలియలేదు, తుడుచుకోవాలనిపించలేదు.

“చూసిందా టీచర్?” అన్నది రాజీ, గోడ వైపే తిరిగి. “యాడి మల్లి చూసిందా?”

“లేదు.”

పిల్ల భుజాలు కిందికి దిగాయి. గోడ మీదినుంచి నుదురు తీసి, తెల్లటి సున్నం అంటిన మొహంతో ఇటు తిరిగింది.